రంగం నాలుగు గంటలే

మూలపేట మిషను బడిలో సత్యానందం మాస్టారు భూగోళం చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. ఆయన టెక్కలి దాటి చూసింది బరంపురం ఒక్కటే. అయితేనేం, పటం మీద దారం పరిచి ఏ ఊరికి ఎన్ని మైళ్లో గడగడా చెప్పేసేవాడు. సగం ఇళ్ల మగాళ్లు బర్మాలో, రంగూన్‌లో, ఊరి మాటలో రంగంలో, ఉన్న ఊరాయె, ఆ లెక్కల కోసం పెద్దవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ గౌరవమే చివరికి కొంప ముంచింది.

యాభై నాలుగులో, వానాకాలం, సలోమికి కడుపునొప్పి పట్టుకుంది. టెక్కలి డాక్టరు నొక్కి చూసి, పేగు వాచింది, వెంటనే బరంపురం తీసుకెళ్లి కోయించమన్నాడు. ఆమె మొగుడు యోబు రంగం రేవులో మేస్త్రీ. మాస్టారు టెలిగ్రాం కొట్టించాడు. మర్నాడే జవాబొచ్చింది, విమానంలో బయలుదేరుతున్నానని.

"మొగుడు లేకండా ఆడకూతురి కడుపు కోయించీమంటారేటి బాబూ? ఏటి సేద్దుమో నువ్వే సెప్పు," అంది పెద్దతల్లి అనే సలోమి అత్త.

మాస్టారు పటం విప్పాడు. "రంగం నుంచి కలకత్తా ఆరువందల యాభై మైళ్లు. విమానానికి నాలుగు గంటలే అమ్మా! రాత్రికి హౌరాలో మెయిలెక్కితే రేపు మధ్యాహ్నానికి పలాసలో దిగుతాడు. ఒక్కరోజు ఓపిక పట్టు."

పట్టారు. మర్నాడు మాస్టారు తనే పలాస వెళ్లి నిలబడ్డాడు. మెయిలొచ్చింది, యోబు దిగలేదు. ఆ విమానం రోజూ ఎగరదనీ, ఎగిరిననాడైనా చోటు దొరకాలనీ ఆ మహానుభావుడి పుస్తకంలో రాయలేదు మరి! మాస్టారు సలోమి ఇంటికొచ్చేసరికి ఆమెకు నొప్పి తగ్గిపోయింది. దేవుడు విన్నాడని మాస్టారే మోకరించి స్తుతి చెల్లించాడు. అయ్యో, లోపల పేగు పగిలినా నొప్పి అలాగే తగ్గుతుందని ఎవరికి తెలుసు! తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయింది. బండి కట్టారు గానీ, నౌపడ స్టేషను చేరకముందే ప్రాణం పోయింది.

యోబు ఐదోనాడు వచ్చాడు. ఏడవలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కమాటే అడిగాడు.

"డాక్టరు ఎల్లమన్నాడు కదా. ఎవులు ఆగమన్నారు?"

అక్కడే ఉన్న మాస్టారు గోడవారకి జరిగాడు. ఆయన ముఖం చూసి పెద్దతల్లి ముందుకొచ్చింది.

"నానేరా అయ్యా. నువ్వొచ్చీదాకా కొయ్యొద్దన్నాను."

అప్పుడైనా మాస్టారు నోరు విప్పాలా వద్దా? విప్పలేదు. యోబు మూడోరోజే రంగం వెళ్లిపోయాడు, తల్లికి చెప్పకుండా. నిజం రాసేద్దామని మాస్టారు ఎన్నిసార్లు కాగితం ముందేసుకున్నాడో లెక్కలేదు. పిరికి మనిషి, రాయలేకపోయాడు.

రంగం ఉత్తరాలు బడికే వచ్చేవి, చదివిపెట్టేదీ మాస్టారే. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దతల్లి ఆయన కోసమే గుడి మెట్ల దగ్గర కాచుకుని ఉండేది.

"బాబూ, మావోడి కాడ్నించి ఉత్తరమేటైనా వొచ్చిందేటి?"

"రాలేదమ్మా."

"నీ తప్పేటున్నాదిలే బాబూ, రాయాలిసినోడు రాయలేదు," అని ఆయన్నే ఓదార్చి వెళ్లేది.