చెరువులో ఎడమకాలి గోలు

ఆ రోజుల్లో మా బత్తలపల్లె వైపు కుర్రాడి పేరు పేపర్లో పడాలంటే రెండే దారులు: ఎవరినైనా పొడవాలి, లేదా మా పేపరు సారు దగ్గర ఫుట్‌బాల్ ఆడాలి. (మొదటిదానికి నాకు ధైర్యం చాలలేదు.) సారు జిల్లా వారపత్రికకు ఆటల కబుర్లు రాసేవాడు, సాయంత్రాలు మాకు ఆట నేర్పేవాడు. నేర్పడమంటే గొడుగు కింద మడత కుర్చీలో కూర్చుని "పులి మాదిరి దూకల్లప్పా!" అని అరవడమే. ఆయన బంతిని తన్నగా చూసినవాడు ఊళ్లో లేడు. రాతలో మాత్రం మమ్మల్ని ఆకాశానికెత్తేవాడు. మా గోల్‌కీపరు ఆరు గోల్స్ వదిలేసిన రోజున కూడా "ఏడవ గోలును అడ్డుకున్న వీరుడు" అని రాశాడు.

మా మైదానం ఊరి చెరువు. నాకు ఊహ తెలిశాక అందులో నీళ్లు చూడలేదు కాబట్టి, నడిమధ్య గోల్‌పోస్టులు పాతినా ఎవరూ ఏమనలేదు. ఆ ఏడు మా నాయన ఖరాకండిగా చెప్పేశాడు: "ఈ వారం నీ పేరు పేపర్లో పడితే ఆడుకో. లేకుంటే బంతి ఇడ్సిపెట్టి గొర్రెలెంట పో." ఫుట్‌బాల్ లేని సాయంత్రాన్ని ఊహించుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. సారు దగ్గరికి పరిగెత్తాను. "ఆదివారం గుత్తి వాళ్లతో ఆట ఉండాది గదా, రాస్తాలే" అన్నాడు.

చిక్కేమిటంటే, సారు కవరు తీసుకుపోయే అనంతపురం బస్సు మూడింటికే వెళ్లిపోయేది. ఆట మొదలయ్యేది నాలుగింటికి. అందుకని ఆయన జరగబోయేది ముందే రాసి పంపేసి, తర్వాత దాని ప్రకారం మమ్మల్ని ఆడించేవాడు. ఆ ఆదివారం నా భుజం మీద చెయ్యేసి, "ఒరే బక్కోడా, రెండో సగంలో నువ్వు గోలు కొట్టల్ల. ఎడమకాలితో. రాసి పంపించేసినా" అన్నాడు.

"సార్, నాది కుడికాలు వాటం."

"ఆ మాట బస్సు పోకముందు చెప్పల్ల గదప్పా!"

ఎడమకాలితో తన్నబోయి మొదటి సగమంతా చెరువు మన్ను కరిచాను. రెండో సగంలో బంతి తనంతట తానే నా ముందుకొచ్చింది. గుత్తి గోల్‌కీపరు ఎక్కడో ఉన్నాడు. కుడికాలితో అయితే కళ్లు మూసుకుని కొట్టేవాణ్ని. సారు మాట తలుచుకుని ఎడమకాలు ఎత్తాను. అంతలో ఉరిమింది. రూపాయి బిళ్లలంత చినుకులు టపటపా రాలాయి. గోల్‌కీపరు ఆకాశం వైపు నోరు తెరిచి నిలబడిపోయాడు. రెఫరీ తన శెనక్కాయ చేను వైపు లగెత్తాడు. కట్ట మీద జనం ఈలలు, కేకలు! ఎత్తిన కాలు ఎత్తినట్టే నేను జారి వెల్లకిలా పడ్డాను. మేమూ, గుత్తి వాళ్లూ కలిసి బురదలో పొర్లాడుతుంటే, సారొక్కడే గొడుగు ఊపుతూ "కొట్రా అబ్బీ, ఎడమకాలు!" అని గొంతు చించుకున్నాడు.

ఆ వాన వారమంతా వదల్లేదు, చెరువు వైపు పోయే వీలే లేకపోయింది. పేపరొచ్చిన రోజు మంగలి అంగట్లో మా చిన్నాయన గట్టిగా చదివాడు: "నిప్పులు చెరిగే ఎండను లెక్కచేయక, మన కుర్రవాడు ఎడమకాలితో మెరుపు గోలు సాధించెను..." కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. సగం గీసిన గడ్డంతో నాయన చెయ్యెత్తాడు. "నిలుపు. ఆ పొద్దు నా తలకాయ మీద పడింది ఎండనా?"

నా పని అయిపోయిందనుకున్నాను. నాయన మెడలో తువ్వాలు జారిపోయేదాకా నవ్వాడు. "ఏమప్పా, మీ సారును ప్రతి వారమూ ఎండ అనే రాయమను. నువ్వు పోయి ఆడుకో పో."

ఎగురుకుంటూ చెరువుకు పోయాను. చెరువు నిండిపోయింది! గోల్‌పోస్టుల కొసలు మాత్రమే నీళ్ల పైకి కనబడుతున్నాయి. కట్ట మీద మడత కుర్చీలో సారు. "ఏం ఫరవాలేదు, ఈత నేర్పిస్తా రాండప్పా" అన్నాడు. (ఆయనకు ఈత రాదు.)

నిజం చెప్పాలంటే ఆయన మాకు ఆట నేర్పలేదు. అయినా ఆయన రాసినంత గొప్పగా ఒక్కరోజైనా ఆడాలని ప్రతివాడికీ ఉండేది. ఆయనంటే నాకిప్పటికీ ప్రేమే.

మొన్న ఊరికి పోతే చెరువు మళ్లీ ఎండి ఉంది, పిల్లలు ఆడుతున్నారు. సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు. బంతి దొర్లుకుంటూ నా దగ్గరికొచ్చింది. "తాతా, ఇట్ల తన్ను!" అని అరిచారు. పంచె ఎగ్గట్టి, ఎడమకాలితో ఒక్కటిచ్చాను. బంతి తిన్నగా పోయి తుమ్మకంపలో పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. సారు ఉండి ఉంటే అది గోలే.