తాత ముంచి తీసిన తెల్ల నూలు

…కాబట్టి నిన్న ఏడుపొచ్చి పెన్ను పక్కన పెట్టిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెడతాను. మా ఎదురింటి తాత పోయాడు. సోమవారం పొద్దున నేను స్కూలుకని జడ వేసుకుంటుంటే తిరుపతి ఆసుపత్రి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. మా అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గడప మీద కూలబడింది. నేను ఒక జడ వేసుకుని, రెండోది వేసుకోకుండానే వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. తాత ఇంటికి తాళం వేసి ఉంది.

ఇది చదివే మీరెవరో నాకు తెలీదు. మా నగరిలో మూతపడిన రంగుల షెడ్డు స్థలంలో అమ్మాయిల హాస్టల్ కడతామంటున్నారు. ఎప్పుడో ఒకరోజు మీరు అందులో ఉంటారేమో. మీరు తాగబోయే నీళ్ళ గురించి దిగులుపడిన మనిషి ఒకాయన ఉన్నాడని మీకు తెలియాలి. నేను స్కూల్లో అన్నీ ఇంగ్లీషులోనే రాస్తాను. కానీ తాత పనిని ఆయనకు రాని భాషలో ఒకసారి రాశాను. మళ్ళీ అలా చెయ్యను.

తాత మీసం రాని వయసులో ఆ షెడ్డులో చేరి, అది మూతపడేదాకా నూలుకు రంగులు వేశాడు. ఆయన గోళ్ళు నీలంగా ఉండేవి. "సబ్బు ఓడిపోయింది పాపా, నేను గెలిసినా" అని చూపించేవాడు. నేను అరుగు మీద కూర్చుని కెమిస్ట్రీ బట్టీ పడుతుంటే వచ్చి పక్కన కూర్చునేవాడు.

"రంగునీళ్ళలో ఉప్పెందుకేస్తామో సెప్పు సూద్దాం."

నాకు తెలీదు. పేజీలు తిప్పాను.

"ఇంత లావు పుస్తకం. చిటికెడు ఉప్పు లేదా దీంట్లో?" అని నవ్వి, ఉప్పు వేస్తేనే రంగు నీళ్ళను వదిలి నూలును పట్టుకుంటుందని చెప్పాడు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు కెమిస్ట్రీ అంటే భయం పోయింది. అందుకు ఆయనకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

షెడ్డు స్థలంలో చెడిపోయిన మట్టిని తవ్వి తీసేసి, మంచి మట్టి పోసి, అప్పుడు హాస్టల్ కట్టడానికి ప్రభుత్వం డబ్బిస్తుందని తెలిసినప్పుడు వీధిలో అందరికంటే సంతోషపడింది తాతే. అందరికంటే దిగులుపడిందీ ఆయనే. సర్వే వాళ్ళు షెడ్డు చుట్టూ మాత్రమే గుర్తులు పెట్టారు. వెనక మూల మంచి నేల అని రాసుకుని, హాస్టల్ బోరు అక్కడే వేస్తామన్నారు.

"సర్కారు దుడ్లు ఒక్కసారే వస్తాయి మే. గీత గీసినంత వరకే తవ్వుతారు. గీత బయట మిగిలింది ఎప్పటికీ మిగిలే ఉంటాది" అన్నాడు తాత.

వానలకు నేల బాగా నానిన ఒక ఆదివారం ఆయన ఇనప గడారి భుజాన వేసుకుని, తెల్ల నూలు చుట్టలు, మేము చిలపలంటాం, సంచిలో పెట్టుకుని నన్ను తోడు పిలిచాడు. స్థలంలో అక్కడక్కడా గడారితో లోతుగా పొడిచి, ఒక్కో చిలపకు దారం కట్టి ఆ బొక్కల్లో ఊరిన నీళ్ళలోకి దించాడు.

"ఏం తాతా, చేపలు పడతాండావా?" అని పాలు పోసే అక్క నవ్వింది.

"పడితే నీకే పులుసు పంపిస్తాలే పో" అన్నాడు.

మర్నాడు చిలపలు పైకి లాగి బక్కెట్లో జాడించాము. రోడ్డు పక్కవి మట్టి వదిలేసి తెల్లగా వచ్చేశాయి. షెడ్డు పక్కవి లేత నీలంగా ఉండిపోయాయి. వెనక మూలలో కంచె పక్కన దించిన రెండూ మాత్రం ఎంత జాడించినా ముదురు ఊదాగానే ఉన్నాయి.

"మట్టయితే ఉతికితే పోతాది. రంగు పోదు" అన్నాడు. తర్వాత కంచె పక్క నేలను గడారితో తట్టాడు. "ఈడ పెద్ద గుంత ఉండె. మిగిలిన రంగునీళ్ళన్నీ దీంట్లోకే. ఇడిసింది ఎవురనుకున్నావు? ఈ సేతులే."

ఆ కంచె అవతల మా నాయన మగ్గాల షెడ్డు. గుంత సగం ఇవతల, సగం మా మగ్గాల కింద. నాయనకు ఆ సంగతి తెలుసు. అక్కడ తవ్వితే నాలుగు మగ్గాలూ ఆగిపోతాయి. మా ఇల్లు నడిచేదే వాటి మీద.

తాత చెప్తుంటే సర్వే ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది నేనే. ఏ చిలప ఎక్కడ ముంచాడో, ఏ రంగు పట్టిందో అంతా చెప్పాడు.

"కంచె కాడివి రెండూ రాసినావా?"

"రాసినా తాతా."

రాయలేదు. ఆయన వేలిముద్ర వేశాడు. నా చేతికిచ్చి, "ముత్యాల్లాగుండాది నీ రాత" అన్నాడు.

ఆ ఉత్తరం చూసే తిరుపతి నుంచి ఆఫీసర్లు మళ్ళీ వచ్చారు. "తాతా, నువ్వేమైనా ఇంజనీరువా?" అని ఒకాయన అడిగితే, తాత సంచిలోంచి లేత నీలం చిలపలు తీసి, "మీ ల్యాబు తిరపతిలో ఉండాది సార్. నాది ఈడే ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు మాత్రం చిలపను చేతిలోకి తీసుకుని, నిజంగానే పరీక్షగా చూశాడు. తర్వాత ఉత్తరాన్ని అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాడు. నాయన అక్కడే ఉన్నాడు. కంచె మాట రాకుండానే ఉత్తరం అయిపోయింది.

"ఇంతేనా తాతా?" అన్నాడు ఆఫీసరు.

తాత నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఊదా చిలపలు సంచిలోనే ఉన్నాయి.

"ఇప్పటికింతే సార్. మతికొస్తే మళ్ళా రాయిస్తా."

సాయంత్రం అరుగు మీద శనక్కాయలు ఒలుస్తూ నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. గుప్పెడు పప్పులు చేతిలో పోసి, "నూలుకు రంగు తప్పుగా పడితే మేమేం సేస్తాం, తెలుసా?" అన్నాడు.

"పారేస్తారా?"

"పారేస్తే ఓనరు మమ్మల్ని పారేస్తాడు. ముదురు రంగులో ఇంకోసారి ముంచుతాం. అంతే. మొదట పడిన రంగు ఎవురికీ కనపడదు."

నాకు ఏడుపొచ్చింది.

"మీ నాయనంటే భయమా?"

"ఊఁ."

"నాకూ మా ఓనరంటే భయమే ఉండె. ఆ భయంతోనే గదా ఆ గుంత నింపినాను."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. మా నాయనకూ చెప్పలేదు. నా అబద్ధాన్ని తన మతిమరుపు కింద వేసుకుని నన్ను కాపాడాడు. నేను ఆయనకు ఏం చేశానని? ఆసుపత్రికి వెళ్ళేరోజు, రెండో ఉత్తరం నిదానంగా రాసి పెట్టమని, తను తిరుపతి నుంచి వచ్చాక వేలిముద్ర వేస్తానని చెప్పి, ఆయాసపడుతూ ఆటో ఎక్కాడు.

మంగళవారం తాతను చివరిసారి సాగనంపడానికి వెళ్ళినప్పుడు అక్కడ నిలబడి నాయన అన్నాడు, "ఆయనకు సంతకమే రాదు. ఆ ఇంగ్లీషు కాయితం ఎవురు రాసిచ్చినారబ్బా?" నాయన నా వైపు చూడలేదు. అయినా నేను అమ్మ వెనక్కి జరిగాను.

రేపు ఆఫీసర్లు వచ్చి చివరి గీత గీస్తారు. తర్వాత మార్చరు. ఊదా చిలపలు రెండూ తాత కూతురి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. రెండో ఉత్తరం పూర్తయింది. తెలుగులోనే రాశాను. కంచె గురించి రాశాను, గుంత గురించి రాశాను, మా మగ్గాలను వేరే చోట నిలబెట్టుకోవడానికి కూడా ఆ సర్కారు డబ్బులోంచి సాయం చెయ్యమని రాశాను. ముద్ర వెయ్యడానికి తాత లేడు. నా పేరు రాసి నేనే సంతకం పెట్టాను. నా పేరు ఇంత పొడుగుంటుందని ఇప్పటిదాకా తెలీదు.

మగ్గాల చప్పుడు ఆగింది. నాయన పెరటి వైపు నుంచి వస్తున్నాడు. కాళ్ళు కడుక్కుంటున్నాడు.

తలుపు కొడుతున్నాడు.

"ఓమే, తలుపేసుకోని ఏం రాస్తాండావు?"

ఈ పేజీలను పరుపు కిందికి తోసేస్తున్నాను. ఉత్తరాన్ని మాత్రం దాచడం లేదు. బల్ల మీద పెట్టాను, అక్షరాలు తలుపు వైపుకు తిప్పి.