మా ఇంట్లో ఎవరూ పోగొట్టుకోని వస్తువులు

రోజూ పొద్దున్నే మావయ్య కాఫీ గ్లాసుతో క్యాలెండర్ ముందు నిలబడి, ఆ రోజు ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారో ప్రకటించేవాడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. మిగతా విషయాల్లో శుభ్రంగా మామూలు మనిషి.

"ఇవాళ నువ్వు గొడుగు. నల్లది, వంకర పిడి," అనేవాడు అత్తయ్యతో.

"పోయిన వారమే కదండీ గొడుగు పోగొట్టుకున్నాను!"

"అది పూల గొడుగు. పదకొండింటికల్లా వచ్చి అడుగు."

"బట్టలు నానబెట్టాను."

"నాననీ. గొడుగుకి ఇవాళే ఆఖరు."

మావయ్య బస్ స్టేషన్లో, పోయిన వస్తువుల గదిలో గుమాస్తా. నేను ఎమ్మే చదవడానికి వాళ్ళింటికి వచ్చేసరికి ఆ గదిలో ఆయనకి ఇరవై ఆరేళ్ళు నిండాయి. బస్సుల్లో మర్చిపోయిన వస్తువుల మీద ఒక చట్టం ఉంది. తొంభై రోజుల్లో ఎవరూ వచ్చి అడగకపోతే వస్తువుని నాశనం చెయ్యాలి. మధ్యలో ఎవరైనా వచ్చి అడిగితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అడిగినవాళ్ళు వస్తువు పట్టుకెళ్ళాలని లేదు. "చూశాను, నాది కాదు" అని సంతకం పెట్టినా చాలు.

ఆ చిన్న సందులోంచి మావయ్య మొత్తం కుటుంబాన్ని నడిపించాడు. అత్తయ్య ఏడు గొడుగులు చూసి, ఏడూ నచ్చలేదన్నట్టు మొహం పెట్టి వచ్చింది. ఎక్కడా పాట కూడా పాడని మా పెదనాన్న రెండుసార్లు వయొలిన్ పోగొట్టుకున్నాడు.

కనిపించినవాళ్ళందరినీ మావయ్య ఒకటే అడిగేవాడు: "నీ చేతికి అధికారమిస్తే ఏ చట్టం మారుస్తావు?"

సెలూన్ అతను కత్తెర ఆపి ఆలోచించాడు. "ఆదివారం షాపు మూసెయ్యాలంటారు చూడండి, అది."

"నీకు వారానికి ఒక్కరోజే పోతోంది. అక్కడ తొంభై రోజులకి మనిషి సామానే పోతోంది!" అని మొదలుపెట్టి మావయ్య, జుట్టు సగం కత్తిరించి ఉండగా అరగంట మాట్లాడాడు. రెండు రోజుల తర్వాత సెలూన్ అతను ఎడమకాలి బూటు పోగొట్టుకున్నాడు.

చట్టం మార్చమని పైవాళ్ళకి ముప్ఫై ఒక్క ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికే జవాబొచ్చింది: మీ ఉత్తరం ఎక్కడో పోయింది, మళ్ళీ పంపగలరు.

"చూశావా అమ్మాయ్! వాళ్ళకైనా ఏడాది పట్టింది, పోయిందని తెలుసుకోడానికి. తొంభై రోజుల్లో గుర్తు తెచ్చుకుని వెతుక్కుంటూ రాగలిగేవాడు అసలు వస్తువెందుకు పారేసుకుంటాడు? ఈ చట్టం రాసినవాడు జన్మలో చేతిరుమాలు కూడా పోగొట్టుకుని ఉండడు."

పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పట్టుకుని వెళ్ళేవాడు. సాయంత్రం సీసా ఖాళీగా వచ్చేది. అయినా గుమ్మంలోంచే "దాహం, దాహం" అని కేక పెట్టేవాడు. ఇదీ పిచ్చిలో భాగమే అనుకునేవాళ్ళం.

నాకు మాత్రం ఈ పని తప్పించాడు. దిగాల్సిన స్టాపులో కండక్టర్‌కి చెప్పలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకం నేను. ఇంక కౌంటర్ ముందు అబద్ధం ఏం చెబుతాను?

అప్పుడు కొత్త సూపరింటెండెంట్ వచ్చాడు. రిజిస్టర్లు చదివే అలవాటున్న మనిషి. వారానికే మావయ్యని పిలిపించాడు.

"ఈ ఏడాది మీ ఇంటివాళ్ళు పదకొండు గొడుగులు, ఒక వయొలిన్, నాలుగు బూట్లు పోగొట్టుకున్నారు. నాలుగూ ఎడమకాలివే!"

"మా వాళ్ళకి కుడికాలి మీద జాగ్రత్త ఎక్కువ సార్."

"మళ్ళీ మీ వాళ్ళలో ఒక్క మొహం ఇక్కడ కనిపించిందంటే మీ ఉద్యోగం ఉండదు."

ఆ మర్నాడు పొద్దున మావయ్య క్యాలెండర్ ముందు నిలబడ్డాడు కానీ ఏమీ ప్రకటించలేదు. కాఫీ చల్లారిపోయింది.

"ఇవాళ ఏమిటండీ?" అంది అత్తయ్య.

"పళ్ళసెట్టు. పదిహేను నెలలుగా కాపాడాను. నువ్వు అడిగావు, మీ అన్నయ్య అడిగాడు, సెలూన్ అతనూ వాళ్ళావిడా అడిగారు. ఇవాళ సాయంత్రం కాల్చేస్తారు."

ఆ గదిలో ఎవరూ చూడని మొహం నాదొక్కటే. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. "నేను పోగొట్టుకుంటాను, మావయ్యా."

"నీకు ముప్ఫై రెండూ ఉన్నాయి కదే!"

"అమ్మమ్మవి అంటాను."

"వద్దమ్మాయ్, పట్టుబడితే..." అంటూనే గుర్తులన్నీ వరసగా చెప్పేశాడు.

కౌంటర్లో సూపరింటెండెంటే కూర్చున్నాడు. నా వెనక ఎనిమిదిమంది.

"ఏం పోయింది?"

పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

"గట్టిగా చెప్పండి!"

"పళ్ళు!" అని అరిచాను. బస్ స్టేషన్ మొత్తం నా నోటికేసి చూసింది. "నావి కాదు... మా అమ్మమ్మవి."

"గుర్తులు?"

చూడని దాని గురించి నాలుగు పేజీలు రాయడమే సాహిత్య విద్యార్థులకి వచ్చిన విద్య. "పై వరసలో ఎడమవైపు రెండో పన్ను కొంచెం వెనక్కి, సిగ్గుపడుతున్నట్టు ఉంటుందండీ. కింద చివరి పన్ను అంచు విరిగింది. చిగుళ్ళ రంగు బాగా పండిన జామకాయ లోపలి రంగు."

ఆయన గాజుగ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. సిగ్గుపడే పన్ను అక్కడే ఉంది.

"మావి కాదండీ," అన్నాను.

"ఒక్క గుర్తూ తప్పలేదే!"

"కానీ... మా అమ్మమ్మ నవ్వు ఇలా ఉండదండీ."

ఆయన నన్ను చూశాడు. వెనక, మా వైపు వీపు పెట్టి, దుమ్ము లేని గొడుగుని మూడోసారి దులుపుతున్న మావయ్యని చూశాడు. ఏమనుకున్నాడో, స్టాంపు గట్టిగా గుద్దాడు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

ఇరవై మూడో రోజున ఒక పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. ఆ సాయంత్రం మావయ్య ఇద్దరి పాత్రలూ తనే వేసి చూపించాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అందట, "బస్సు మెట్ల మీంచి పడి తుంటి విరిగింది బాబూ. చేతిరుమాల్లో చుట్టిన పళ్ళు సీట్లోనే ఉండిపోయాయి. మంచం దిగి ఇన్నాళ్ళకి వచ్చాను. ఉండవని తెలుసు, ఊరికే అడుగుదామని."

మావయ్య ఒక్క గుర్తూ అడగకుండా గ్లాసు తీసిచ్చాడు. ఆవిడ గోడవైపు తిరిగి పెట్టుకుంది. ఇటు తిరగ్గానే పళ్ళన్నీ వాడుకుంటూ దులిపేసింది: "నీళ్ళేమైనా మార్చావా, ఇన్నాళ్ళూ అలాగే పడేశావా?"

"రోజూ మార్చానమ్మా. కాచి చల్లార్చినవే."

అత్తయ్యా నేనూ బల్ల మీద ఖాళీ సీసాని చూశాం. అత్తయ్య లేచి ఆయనకి పెద్ద చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పెద్దావిడ వెళ్ళాక సూపరింటెండెంట్ చాలాసేపు రిజిస్టర్ పేజీలు తిప్పాడట. చివరికి తలెత్తకుండా అడిగాడట, "ఆ ఎడమకాలి బూట్లకి గడువు ఎప్పుడు?"

"బుధవారం సార్."

"మా ఆవిడ బుధవారం ఖాళీగానే ఉంటుంది."

చట్టం ఇంకా తొంభై రోజుల దగ్గరే ఉంది, ఉత్తరాలు నలభై ఏడయ్యాయి. మావయ్య రిటైరై రెండేళ్ళు. బుధవారం బుధవారం బస్ స్టేషన్‌కి వెళ్ళి, అందరితో పాటు వరసలో నిలబడి, ఏదో ఒకటి పోగొట్టుకుని వస్తాడు. నిన్న వయొలిన్.