బావ తెచ్చిన కట్టెలు

మా బావది బ్యాటరీల పని. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం ప్లేట్లు ఊడబెరికి, కొలిమిలో కరిగించి, అచ్చుల్లో పోసి కొత్త ప్లేట్లు తీసే షెడ్డులో మేస్త్రి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలతో సహా మనిషంతా బూడిద రంగులో ఉండేవాడు. "వచ్చాడమ్మా ముసలాయన, తప్పుకోండి" అని ఏడిపించేదాన్ని. "నీకు ఇంతకన్నా ముసలాణ్ని చూసి కట్టబెడతా ఉండు మరదలా" అనేవాడు. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. వాళ్లింట్లోనే వీధి వైపు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేదాన్ని.

నేను ఎవర్నీ ఊరికే పొగిడే రకం కాదు. కానీ మా అక్కని కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు, అది ఒప్పుకోవాలి. ఆయనలో నాకు గిట్టని గుణం ఒక్కటే, ఏ వస్తువునీ పారేయనివ్వడు. వంగిన మేకుల్ని కూడా సాగగొట్టి డబ్బాలో దాచేవాడు. ఇల్లు తుడిచే రోజున నేనూ ఆయనా ఆ డబ్బాల దగ్గరే కొట్లాడుకునేవాళ్లం.

అక్కకి రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. రెండోసారి వాళ్లత్తగారు చూడ్డానికొచ్చి, ఉన్నన్నాళ్లూ ఒకటే పాట. "మా ఇంట్లో ఎవరికీ ఇలా లేదమ్మా." నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్లోనూ లేదు అత్తయ్యా, మా అమ్మకి మేం ఆరుగురం" అన్నాను. అక్క నన్ను గట్టిగా గిల్లింది. ఆవిడ మూతి ముడుచుకుని ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

అప్పటిదాకా డాక్టర్లందరూ అక్కనే పరీక్ష చేశారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం ముందుగా, "మీ ఆయన ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది. ఇద్దరి రక్తమూ తీయించింది. ఇద్దరి ఒంట్లోనూ సీసం ఉంది.

"ఈ దుమ్ము కంటికి కూడా ఆనదు. ఊపిరితో పోతుంది, తిండితో పోతుంది. ఆడవాళ్లకి కడుపు పోవచ్చు, మగవాళ్లకి బీజం దెబ్బతినొచ్చు. మీరు దాన్ని ఒంటి మీద వేసుకుని ఇంటికొస్తున్నారు. ఈవిడ మీ చొక్కా దులిపి ఉతుకుతోంది" అంది బావతో. పని మారితే మంచిదని కూడా చెప్పింది.

బావ ఆసుపత్రి మెట్ల మీద కూలబడిపోయాడు. "నా చొక్కాయా? నా చొక్కా వల్ల పోయారా పిల్లలు?" అని అడిగిందే అడిగాడు. వేరే పని చేతికి రాదు. కానీ మర్నాటి నుంచి షెడ్డు బట్టలు షెడ్డులోనే విప్పడం, అక్కడే తలకి స్నానం చేయడం, వాటిని అక్కడే తనే ఉతుక్కోవడం. చెప్పులు కూడా అక్కడివి అక్కడే. తోటివాళ్లు "కొత్త పెళ్లికొడుకొచ్చాడు" అని నవ్వితే నవ్వనిమ్మన్నాడు. కొన్నాళ్లకి పరీక్ష చేస్తే అక్క రక్తంలో సీసం బాగా తగ్గింది. మరుసటి ఏడు మళ్లీ నెల తప్పింది.

ఇక చూడాలి ఆయన హడావిడి. అక్కని కాలు కింద పెట్టనిస్తే ఒట్టు. చలికాలం కావడంతో చన్నీళ్లు ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెరట్లో రాళ్ల పొయ్యి పెట్టి, రోజూ పొద్దున్నే కాగు నిండా నీళ్లు కాచేవాడు. షెడ్డుకి పాత బ్యాటరీలు చెక్కపెట్టెల్లో వస్తాయి. విరిగిన పెట్టెలు వెనకాల గుట్టగా పడుంటే ఆయన ప్రాణం ఒప్పుకుంటుందా? రోజూ ఓ మోపు కట్టి తెచ్చేవాడు. బాగా ఎండిన చెక్క, భగ్గున మండేది. అక్క ఆ పొయ్యి పక్కనే పీట వేసుకుని చలి కాచుకునేది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమేది. డాక్టరమ్మ చొక్కా అంది, మేమందరం చొక్కానే చూశాం.

కడుపులో బిడ్డ కదలడం మొదలయ్యాక బావ షెడ్డు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. "ఊరికే తంతోంది మరదలా, అచ్చం నీ పోలికే" అనేవాడు. "నా పోలికైతే ముందు నిన్నే తంతుంది" అనేదాన్ని.

ఏడో నెలలో ఒకరోజు అక్క వంటింట్లోంచి వచ్చి, పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదని చెప్పింది. ఆసుపత్రికి వెళ్లేసరికే అంతా అయిపోయింది. ఆడపిల్ల. ముక్కు, చెవులు, గోళ్లతో సహా అన్నీ ఉన్నాయి, ఊపిరే లేదు. బావ రెండు చేతుల్లో పట్టుకుని, ఎంతసేపటికీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ అక్క మంచం దగ్గరికి వచ్చింది. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. అక్క రక్తంలో సీసం మొదటికన్నా ఎక్కువైందని చెప్పింది. ఇంట్లో కొత్తగా ఏం మారిందని అడిగింది. రంగులేమైనా వేశారా, నీళ్లు ఎక్కడివి అని ఒక్కొక్కటే అడుగుతూ, "పొయ్యిలోకి ఏం వాడతారు?" అంది. అక్క చెప్పింది.

"బ్యాటరీల్లోంచి కారిందంతా ఆ చెక్క పీల్చుకుని ఉంటుందమ్మా. కాలిస్తే పొగలోనూ బూడిదలోనూ సీసమే" అంది డాక్టరమ్మ. ఇది ఎముకల్లో చేరి ఏళ్లతరబడి ఉంటుందని, అది తగ్గేదాకా మళ్లీ బిడ్డ మాట తలపెట్టొద్దని కూడా చెప్పింది. అక్కకి అప్పటికే నలభై దగ్గర పడుతున్నాయి.

"ఈ సంగతి ఆయనకి చెప్పొద్దు డాక్టరమ్మా" అంది అక్క.

"చెప్పకపోతే మళ్లీ తెస్తాడు కదమ్మా."

"తేనివ్వను. పొగ పడట్లేదంటాను. ఆ షెడ్డు కూడా మాన్పిస్తాను. ఇదొక్కటి మాత్రం చెప్పొద్దు. చెబితే ఆ మనిషి కూడా నాకు మిగలడు."

నాకు కోపం నషాళానికి అంటింది. ఊరికే వచ్చాయని మోసుకొచ్చిన కట్టెలు. ఈ మనిషిని నాలుగు దులిపేయందే ఊరుకోననుకుని బయటికొచ్చాను. అక్క వెనక నుంచి పిలుస్తున్నా ఆగలేదు.

బావ వరండాలో గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. "మరదలా, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, అన్నీ చూశావుగా. చొక్కా గుమ్మం దాటనివ్వలేదు. ఈసారి నావల్ల ఏ పొరపాటూ జరగలేదు కదా?"

నా నోరు ఎవరి ముందూ ఆగిన నోరు కాదు. "జరగలేదు బావా" అన్నాను.

"మరి ఎందుకు పోయిందే?"

షెడ్డు మానేసి బస్సుల దగ్గర సామాన్లు దించే పనికి వెళ్తున్న రోజుల్లోనూ, తల నిజంగానే నెరిసిపోయాక కూడా, ఉన్నట్టుండి ఆ మాటే అడిగేవాడు. అడిగినప్పుడల్లా అక్క, "నా ఒంట్లోనే ఏదో లోపం ఉందండీ, మీదేం లేదు" అని చెప్పేది.