మిరపకాయల గదిలో పన్నెండు వంగుళ్ళు

ఒక్కసారి తల ఊపి, మా నాయనమ్మతో సహా ఏడుగురు పెద్ద ఆడవాళ్ళను నేల మీద బోర్లా పడుకోబెట్టిన వైనం చెబుతాను. చదివి నన్ను తిట్టకండి. ఆ పని డైరీలో నేనే చేసుకున్నాను.

యుద్ధం రోజులు. మేము నరసరావుపేటలో ఉండేవాళ్ళం. నాకు పంతొమ్మిదేళ్ళు. కూరలమ్మే ఆమెతో బేరమాడాలన్నా తలుపు వెనక నిలబడి ఆడేదాన్ని. అటువంటి నాకు ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చేలా ఉంది. ఒకటే చిక్కు: డ్రిల్లు కూడా నేర్పాలి. పై శనివారం హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటికే వచ్చి చూస్తారట. నేనేమో ఒంటికాలి మీద నిలబడితే గాలికి జొన్నకంకిలా ఊగేదాన్ని. వంగితే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేవి.

నాన్నగారి పెట్టెలో ఒక వ్యాయామ పుస్తకం దొరికింది. పన్నెండు బొమ్మలు, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఆగకుండా సాగాలి. చేతులెత్తి, వంగి, కాలు వెనక్కి చాచి, నేలకు నుదురు ఆనించి, పాములా తలెత్తి, మళ్ళీ లేవాలి. అంతా బాగానే ఉంది కాని వాటి పేరు సూర్య నమస్కారాలు. మాదేమో ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు. అందుకని ఎండుమిరప బస్తాల గదిలో దూరి, సూర్యుడికీ నాకూ ఏ సంబంధమూ లేదని తెలిసేలా పడమటి గోడకు తిరిగి చేసేదాన్ని. ఆ గదికి గడియ లేదు. మిరప ఘాటుకు కళ్ళ నీళ్ళు ధారగా కారేవి.

మూడో రోజు తలుపు సందులోంచి నాయనమ్మ చూసింది. చేతులెత్తడం, సాగిలపడడం, కన్నీళ్ళు. ఆమె కళ్ళూ చెమర్చాయి.

"ఏమే సుగుణా, ప్రార్థనేగా చేస్తున్నావు?"

ఆయాసంతో నాకు మాట రాలేదు. తల ఊపాను. పాఠకులారా, మునిగింది అక్కడే.

సాయంత్రానికి పేటంతా తెలిసింది. పక్కింటి మరియమ్మ పిన్ని వచ్చి, తన గేదె పాలు చేపడం లేదనీ, ప్రార్థనలో దాని పేరు కూడా ఎత్తమనీ అడిగింది. దానికీ తల ఊపాను. మర్నాడు ఆ పాపిష్టి గేదె చేపి బిందెడు పాలిచ్చింది. ఇక చూడండి, తెల్లారేసరికి నాతో కలిసి ప్రార్థన చేస్తామని మా వాకిట్లో ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు నాయనమ్మ. నిజం చెబుదామని రోజూ నోరు తెరిచేదాన్ని. ఆమె మొహంలో గర్వం చూసి మూసేదాన్ని. పేటంతటి ముందూ ఆమె తల వంచుకోవడం కంటే, నేను నడుం వంచడమే నయమనిపించింది.

శనివారం హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి కుర్చీలో కూర్చుని, ఏదీ చూపించమన్నారు. వాకిట్లో నిలబడి చేతులెత్తాను. వెనక చీరల గరగర వినిపించింది. నేను వంగితే వాళ్ళూ వంగారు. నేను సాగిలపడితే వాళ్ళూ పడ్డారు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఈ వయసు వాళ్ళకు ఇంత చక్కగా వ్యాయామం నేర్పావా? సోమవారం వచ్చి బళ్ళో చేరమ్మా."

"యాయామం ఏందమ్మగారూ?" అంది నాయనమ్మ నేల మీంచే. "ఇది ప్రార్థన గదా."

అందరూ నా వైపు తిరిగారు. ఈసారి ఊపడానికి తల కూడా సహకరించలేదు. లోపలికి పోయి పుస్తకం తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టి, పేరుతో సహా అంతా చెప్పేశాను.

ఆమె పన్నెండు బొమ్మలనూ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"యాయామమని ముందే చెప్పుంటే చచ్చినా వంగేదాన్ని కాదే. ఈ మోకాళ్ళ నొప్పి పోయేదీ కాదు. అబద్ధానికి ప్రభువును క్షమాపణ అడుగు. రేపు ఎన్నింటికి మొదలుపెడదాం?"

"మరి నా గేదె సంగతేంది?" అంది మరియమ్మ పిన్ని.

"దాన్నీ తోలుకురా. వంగుద్దేమో చూద్దాం."

బతికినన్నాళ్ళూ ఇక ఎవరికీ తల ఊపి జవాబు చెప్పనని ఆ రోజే డైరీలో రాసి సంతకం పెట్టాను. సోమవారం బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ గారు, పాటలు కూడా నేర్పుతావు గదా అని అడిగారు.

ఆ ప్రతిజ్ఞ మంగళవారం నుంచి గట్టిగా అమల్లో ఉంది.