మరగని ఎర్రకారు

షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్‌కు ఎక్కే ఏటవాలు సందులో బాలనర్సయ్య మెకానిక్ షెడ్డు ఉంది. చదునైన చోటు చూసుకోమని ఎంతమంది చెప్పినా ఆయన వినలేదు. "నా సగం పని ఈ ఎత్తే చేస్తది" అంటాడు. ఆయన చెయ్యి పడ్డ బండి ఇంజన్ వేడెక్కి మళ్లీ మరగదని జూబ్లీహిల్స్ డ్రైవర్లలో పేరుంది. ముప్ఫై ఏళ్లలో ఆయన సంపాదించిందల్లా ఆ పేరే. దాని మీద ఈగ వాలినా ఊరుకోడు.

ఒక బుధవారం పొద్దున ప్రొడక్షన్ మేనేజర్ ఆదినారాయణ ఒక పాత ఎర్రకారును తాడు కట్టి లాక్కొచ్చాడు. సినిమాలో హీరోయిన్ నడిపే కారు.

"నాలుగు కిలోమీటర్లు వెళ్తే చాలు, పొగలు కక్కుతోందండీ. రేడియేటర్ మార్చాం, పంపు మార్చాం. రేపు పదింటికి లొకేషన్‌లో ఉండాలి. ఇక మీదే భారం!"

అక్కడ కారు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఇంతలో ఫోను మోగింది, మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంజన్ చల్లారేదాకా బాలనర్సయ్య దాని జోలికే పోలేదు. తర్వాత లోపలి గాలి పైకి తేలేలా కారు ముక్కును ఎత్తు వైపు నిలబెట్టి, రేడియేటర్ మూత తీసి, లోపల కూర్చుని హీటర్ మీట పట్టుకున్నాడు. అది బిగుసుకుపోయి ఉంది. ఆయనకు నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో హీటర్ వేసుకునే మహానుభావుడెవడు? మీట మూసి ఉండగానే ముందటి మెకానిక్ నీళ్లు గుమ్మరించాడు. గాలి హీటర్ గొట్టంలో ఇరుక్కుంది. గాలి అడ్డుపడితే నీళ్లు తిరగవు, నీళ్లు తిరగకపోతే ఇంజన్ కాలక ఏం చేస్తుంది?

మీటను పూర్తిగా తిప్పాడు. కూలెంట్‌ను సన్నటి ధారగా పోశాడు. ఇంజన్ ఆన్ చేసి, పై గొట్టాన్ని వేళ్లతో నొక్కుతూ వదులుతూ నిలబడ్డాడు. రేడియేటర్ నోట్లోంచి బుడబుడమని బుడగలు.

"రా బిడ్డా, రా! ఎంతసేపు దాక్కుంటవ్?" అని గాలిని బుజ్జగించాడు.

బుడగ వచ్చినప్పుడల్లా మట్టం దిగింది, దిగినంతా మళ్లీ పోశాడు. ముప్పావుగంటకు బుడగలు ఆగాయి. హీటర్ నుంచి వేడిగాలి ముఖానికి కొట్టింది, నీళ్లు తిరుగుతున్నాయన్నమాట. ఏప్రిల్ ఎండలో చెమటలు కారుతున్నా ఆయన మనసు మాత్రం చల్లబడింది.

మర్నాడు తానే కారును ఫిల్మ్ నగర్ ఎత్తు దగ్గరి లొకేషన్‌కు తోలుకెళ్లాడు. దర్శకురాలు గీతిక యాక్షన్ చెప్పగానే కారు చడీచప్పుడు లేకుండా ఎత్తు ఎక్కేసింది.

"కట్! పొగ ఏది ఆదినారాయణ గారూ?" అంది గీతిక.

ఆదినారాయణ నాలిక్కరుచుకున్నాడు. సీన్లో కారు పొగలు కక్కి ఆగాలి, హీరో పరుగెత్తుకొచ్చి సాయం చెయ్యాలి. ఎలాగూ అది మరిగే కారే కదా అని మొదట్లో పొగ మిషన్ కూడా తెప్పించలేదు, తీరా కారును బాగుచేయించేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాడు.

"కొంచెం నీళ్లు తీసెయ్యండి బాలనర్సయ్య గారూ. రెండు నిమిషాల్లో మరుగుతుంది" అని బతిమాలాడు.

బాలనర్సయ్య అడ్డంగా తలూపాడు. "బాగుచేసిన చేతుల్తోనే ఖరాబు చెయ్యమంటవా సార్? గా పని నాతోటి కాదు."

హీరో వాచీ చూసుకుంటున్నాడు. అందరూ తనవైపే చూస్తుంటే బాలనర్సయ్యకూ ఇబ్బందిగానే ఉంది. కాసేపు తల గోక్కుని భార్య రాజమ్మకు ఫోన్ చేశాడు. గురువారం కదా, ఇంట్లో ధూపం వేసే వేళ.

"జర ఆ సాంబ్రాణి కుంపటి పట్కరా!"

ఆటో దిగిన రాజమ్మ కుంపటి అందిస్తూ, "ఏందయ్యా, కార్లకు గూడ సాంబ్రాణి ఏస్తరా?" అంది.

ఇంజన్ ఆపించి, పెట్రోల్ గొట్టానికి దూరంగా బంపర్ వెనక రేకు పళ్లెంలో కుంపటి పెట్టాడు. గుప్పెడు సాంబ్రాణి వేశాడు. తెల్లటి పొగ గుప్పుమంది. ఆ వాసనకు ఒక లైట్‌మ్యాన్ అలవాటుగా చెంపలేసుకున్నాడు. షాటు ఒక్క టేకులో ఓకే అయింది.

గీతిక దండం పెట్టబోతే బాలనర్సయ్య ఆపాడు. "ఒక్కటి అడుగుత మేడమ్. పొగ తర్వాత, బండి ఎత్తెక్కేది గూడ చూపియ్యాలె."

సినిమా విడుదలైన రోజు సందంతా థియేటర్లోనే ఉంది. తెర మీద కారు పొగలు కక్కగానే వెనక వరుస నుంచి ఎవరో అరిచారు, "నర్సన్నా! నీ చేతి బండి మరిగింది!"

రాజమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. "మరగలే! అది మా ఇంటి సాంబ్రాణి!"

అందరూ ఘొల్లుమన్నారు. అంతలో ఎర్రకారు ఎక్కడా ఆగకుండా ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కసాగింది. ఏ హీరోకూ ఎన్నడూ వెయ్యని ఈల బాలనర్సయ్య ఆ కారుకు వేశాడు.