శాసనాల పేపరు మూతపడిన వారం

పదేళ్ళకు పైగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు. నాది కాదని నాకొక్కదానికే తెలుసు. చెడ్డపేరు వస్తే కాదని వాదించవచ్చు, నలుగురి ముందు ఏడవవచ్చు. రాకూడని మంచిపేరు వస్తే ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. తల వంచుకుని కూర్చున్నాను. దాన్ని అణకువ అనుకున్నారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. ఆ పిరికితనాన్ని కూడా ఇందులో కలిపే చదవండి.

మాది అద్దంకి వైపు పల్లె. మిరప, పత్తి వేసే కుటుంబం. తొంభైల చివర్లో ఒక పీజీ సెంటర్లో చరిత్ర ఎం.ఏ.లో చేరాను. రెండో ఏడు ఒక పేపరు మా ఇష్టానికి వదిలేవారు. దాన్ని ఆప్షనల్ అనేవాళ్ళం. ఉన్నవి రెండే. ఒకటి పర్యాటకం, అంతకు ముందు ఏడే కొత్తగా పెట్టారు. రెండోది శాసనాలు, పాత రాతి మీద రాతలు చదివే విద్య. ఆరుగురు సంతకం పెడితేనే ఆప్షనల్ నడుస్తుంది. ఐదుగురే ఉంటే ఆ ఏడాదికి లేదు. అది ఆఫీసు నియమం.

శాసనాలు చెప్పే సారు పర్మనెంటు ఉద్యోగి కాదు. చెప్పిన గంటలకే జీతం. ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క పేపరే. అది లేకపోతే ఆయనకు అక్కడ పని లేదు. ఈ సంగతి మాకందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఈ చివరి రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆయన ఎలాంటి మనిషో కొంచెం చెప్పాలి. మొదటి ఏడాదిలో ఆదివారాలప్పుడు ఇష్టమున్న వాళ్ళని వెంటబెట్టుకుని ఊళ్ళకు తీసుకెళ్ళేవారు. పొలం గట్ల మీద, పశువుల కొట్టాల పక్కన పడి ఉన్న రాళ్ళు వెతికి, బ్రష్షుతో కడిగి, తడి కాగితం పరిచి, సిరా అద్ది అచ్చు తీసేవారు. ఒకసారి ఒక రైతు తన కళ్ళంలో రాయి మీద ఆరబోసిన మిరపకాయలు తీయనన్నాడు.

"నిధి ఎక్కడుందో రాసుందా సారూ? ఉంటే చెప్పు, ఇప్పుడే తీసేస్తా."

"నిధి లేదు బాబాయ్. ఈ పొలం ఎవరిదో రాసుంది."

"ఎవరిదంట?" రైతు కంగారుపడ్డాడు.

"ఆయన పోయి ఏడొందలేళ్ళయింది. నీకేం ఇబ్బంది లేదు, కాయలు తియ్యి."

అందరం నవ్వాం. కాయలు మేమే ఎత్తాం. చేతులు సాయంత్రం దాకా మండాయి. అరిగిపోయిన అక్షరాన్ని సారు వేలితో తడుముతూ, తెలియకపోతే "తెలియడం లేదమ్మా" అనేవారు. ఊహించి చెప్పేవారు కాదు. ఆ మాట అంత సులువుగా అనగలిగిన మాస్టారిని నేను మళ్ళీ చూడలేదు.

రెండో ఏడు మొదట్లో శాసనాల పేపరుకు సరిగ్గా ఆరుగురం సంతకాలు పెట్టాం. నేను, హాస్టల్లో నా గదిలో ఉండే పద్మ, కనిగిరి నుంచి వచ్చిన కోటయ్య, ఇంకో ముగ్గురు. మాలో అందరికంటే ఇష్టంగా పెట్టింది కోటయ్య. మార్చుకోవాలంటే శనివారం దాకా గడువు ఉంది.

బుధవారం మొదటి ఏడాది మార్కులు వచ్చాయి. నేను ఫస్టు. నా వెనక రఘు అనే అబ్బాయి, మూడు మార్కుల తేడాతో. అతను పర్యాటకం తీసుకున్నాడు. ఆ పేపరులో పోయిన ఏడు ఎవరికీ డెబ్బైకి తగ్గలేదని, శాసనాల్లో అరవై దాటడమే గొప్పని సీనియర్లు చెప్పారు. ఇంట్లో ఎవరూ నన్ను ఫస్టు రమ్మని ఒత్తిడి చేయలేదు. ఆ రోజుల్లో మా నాన్నకు పురుగు తిన్న పత్తి తప్ప వేరే ధ్యాస లేదు. ఇది కూడా చెప్పాలి. కారణం పేదరికం అని రాసుకుంటే మీరు నమ్మేవారు. కాదు. ఆ మూడు మార్కుల కోసం.

అయితే సంతకం వెనక్కి తీసుకుని ఊరుకోవచ్చు కదా? తీసుకుంటే ఐదుగురు మిగులుతారు. పేపరు పోతుంది. నా వల్ల పోయిందని అందరికీ తెలుస్తుంది. పేపరు పోతే పోనీ అనిపించింది, కానీ పోగొట్టింది నేనని తెలియడం మాత్రం భరించలేననిపించింది. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? అనుకోలేదనే చెప్పాలని ఉంది. కానీ గురువారం పొద్దున నేను చేసిన పని చూస్తే అనుకున్నట్టే ఉంది.

గురువారం పొద్దున హాస్టల్ పంపు దగ్గర పద్మ బట్టలు ఉతుకుతోంది.

"ఏమే, శాసనాల పేపరు ఉండదంట, తెలుసా?" అన్నాను.

"ఎవరన్నారే?"

"ఆఫీసులో అన్నారు. సారు కూడా వేరే చోటికి వెళ్ళిపోతున్నారంట. శనివారం లోపు మార్చుకోకపోతే మన గతి ఏమవుద్దో."

పద్మ సబ్బు చేత్తోనే నుదురు తుడుచుకుంది. "అయ్యో, పాపం సారు" అంది. ముందు ఆ మాటే అంది. తన పేపరు సంగతి తర్వాత అడిగింది.

మధ్యాహ్నానికి మిగతా నలుగురికీ తెలిసింది. కోటయ్య ఒక్కడే నమ్మలేదు.

"ఇదేంది? మొన్న ఆదివారం కూడా సారు ఏం అన్లేదే. ఉండండి, నేనెళ్ళి అడిగొస్తా."

"అడగమాక కోటయ్యా. ఆయనే చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతున్నారు. నువ్వెళ్ళి మొహం మీద అడిగితే ఏం చెప్తారు?" అన్నాను.

కోటయ్య కాసేపు నేల చూశాడు. "అంతేలే. అసలు మనకి తెలిసినట్టే తెలియనీమాకండి" అన్నాడు. మిగతావాళ్ళు సరేనన్నారు.

నేను ఆ మాట దాకా ఆలోచించలేదు. కోటయ్యే నా పని పూర్తి చేశాడు. పెద్దవాళ్ళని నొప్పించే ప్రశ్న ఎదురుగా అడగకూడదని మా ఇళ్ళల్లో నేర్పిందే అతను పాటించాడు. ఆయన మీద వాళ్ళకు ప్రేమ లేకపోతే, ఎవరో ఒకరు వెళ్ళి అడిగేవారు, నా అబద్ధం పది నిమిషాల్లో తేలిపోయేది. వాళ్ళ ప్రేమనే అడ్డం పెట్టుకున్నాను.

శుక్రవారం ఐదుగురూ మార్చుకున్నారు. సాయంత్రం నేను సారు ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? ఎవరూ వెళ్ళమనలేదు. నేను కూడా మార్చేసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఇన్నేళ్ళలో ఎక్కువసార్లు వేసుకున్న ప్రశ్న ఇదే. నాకు దొరికిన జవాబు ఒక్కటే. ఆయన చేత సరే అనిపించుకోవడానికి వెళ్ళాను.

ఆయన భార్య వసారాలో ముక్కుకు గుడ్డ కట్టుకుని, కూలికి తెచ్చుకున్న మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. సారు నాకు కుర్చీ వేశారు.

"సార్, మనవాళ్ళంతా పర్యాటకానికి మారిపోయారు."

"అంతానా?"

"నేనొక్కదాన్నే మిగిలాను సార్."

ఆయన వసారా వైపు చూశారు. తర్వాత అడిగారు.

"కోటయ్య కూడానా?"

"కోటయ్య కూడా సార్."

"నేను చెప్పేది మీకు అర్థం కావట్లేదామ్మా?"

"అదేం లేదు సార్."

"మార్కులు రావనుకుని ఉంటార్లెండి" అన్నారు ఆవిడ వసారాలోంచి. "పిల్లలు వాళ్ళ దారి వాళ్ళు చూసుకోరూ?"

సారు ఆ మాట విననట్టే ఉన్నారు. నావైపు తిరిగి, "నువ్వొక్కదానివీ ఉంటే పేపరు నడపరమ్మా. రేపు పొద్దున్నే వెళ్ళి నువ్వూ మార్చేసుకో. మంచి ర్యాంకులో ఉన్నావు. నా కోసం ఆగి పాడుచేసుకోమాక" అన్నారు.

నేను ఏడ్చాను. అవి దొంగ కన్నీళ్ళు కావు. నిజంగానే వచ్చాయి. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఆయన లేచి వచ్చి, "ఊరుకో తల్లీ, నువ్వేం చేస్తావు" అని నన్ను ఓదార్చారు.

శనివారం మార్చుకున్నాను. ఏడాది చివర ఫస్టు వచ్చాను. మూడు మార్కులు కాదు, తొమ్మిది.

పేపరు మూతపడిన ఆ జూలై తర్వాత సారు సెంటరుకు రాలేదు. దారిలో ఎప్పుడైనా కనిపిస్తే మా వాళ్ళు పలకరించకుండా పక్కకు తప్పుకునేవారు. ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని. ఆయన దాన్ని ఎలా తీసుకుని ఉంటారో మీరే ఊహించండి.

నాకు కనిగిరిలో జూనియర్ కాలేజీ లెక్చరరు ఉద్యోగం వచ్చింది. కోటయ్య కూడా అదే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. రెండేళ్ళ తర్వాత ఒంగోలు నుంచి వస్తుంటే చీమకుర్తి దగ్గర బస్సు టైరు పంక్చరయింది. దిగి టీకొట్టు వైపు నడిచాను. పక్కనే గ్రానైటు కోసే యూనిట్. గేటు లోపల, లారీ ఎక్కబోతున్న నల్లరాతి దిమ్మల మీద ఒకాయన తెల్లరంగుతో నంబర్లు వేస్తున్నారు. జుట్టంతా రాతి పొడి. ముందు ఆయనే నన్ను గుర్తుపట్టారు.

నిజంగా సంతోషించారు. గేటు దగ్గరి మనిషిని పిలిచి టీ తెప్పించారు.

"మా సారు నంబరేస్తే ముద్దొచ్చుద్ది మేడం" అన్నాడతను. "ఆ ఎనిమిదులు చూడండి, లడ్డూల్లాగా ఎట్టా ఉన్నాయో."

సారు నవ్వి, నన్ను చూపించి అతనితో అన్నారు. "నేను పాఠాలు చెప్పేటప్పుడు అందరూ పోయినా చివరిదాకా నిలబడ్డది ఈ అమ్మాయే."

అప్పుడైనా చెప్పవచ్చు. టీ గ్లాసు చేతిలో ఉంది. బస్సుకు ఇంకా టైము ఉంది. ఆయన నా ఎదురుగా ఉన్నారు, బతికి ఉన్నారు. నేను టీ బాగుందన్నాను.

వెళ్ళబోతుంటే అడిగారు. "కోటయ్య ఏం చేస్తున్నాడో తెలుసా?"

"తెలియదు సార్."

మా కాలేజీకి, అతని స్కూలుకి మధ్య రెండు వీధులు. వాళ్ళిద్దరూ కలిస్తే ఒక్క మాటతో అంతా బయటపడుతుంది. అందుకే తెలియదన్నాను. మొదటి అబద్ధం ఇరవై రెండేళ్ళ వయసప్పుడు ఆడాను, చిన్నదాన్నని సర్దిచెప్పుకోవచ్చు. ఇది ఆడినప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో, ఆ గేటు దగ్గరే, వెనక్కి వస్తున్న లారీ కింద పడి సారు పోయారు. పద్మ ఫోను చేసి చెప్పింది. లారీ తోలింది నేను కాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే కూడా. కానీ ఆయన ఆ గేటు దగ్గర ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

పెద్దకర్మ రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. సారు భార్య నన్ను పట్టుకుని ఏడ్చారు. "ఆయన నీ పేరే చెప్పుకునేవాడమ్మా. నువ్వొక్కదానివే నిలబడ్డావని" అన్నారు. అప్పుడే కోటయ్య వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు. ఆవిడ చూశారు.

"ఇప్పుడొచ్చావా బాబూ? ఆయన చెప్పే చదువు వద్దని పోయినోడివి, ఇప్పుడు ఏం చూద్దామని వచ్చావు?"

పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. కోటయ్య తెల్లబోయాడు.

"అమ్మా, అప్పుడు సారే..." అన్నాడు. ఆగిపోయాడు. పోయిన మనిషి మీద, ఆయన ఇంట్లో, ఆయన కర్మ రోజున మాట పెట్టలేకపోయాడు. నావైపు చూశాడు. అనుమానంతో కాదు. తన తరఫున ఒక మాట చెబుతానని చూశాడు.

నేను నేల చూశాను.

అతను మళ్ళీ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కనిగిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాడు మంచినీళ్ళయినా తాగలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రా తల్లీ, అన్నం తిందువు గాని" అన్నారు. వెళ్ళాను. తిన్నాను. పెరుగు కూడా వేయించుకున్నాను.

ఇప్పుడు కోటయ్య బజార్లో కనిపిస్తే "బాగున్నారా మేడం" అంటాడు. ఒకప్పుడు ఏమే అని పిలిచినవాడు. అతనికి తెలుసా? తెలియదా? అతని మొహంలో వెతుకుతాను. ఏమీ కనిపించదు. సారు భార్య తన కూతురి దగ్గర ఉన్నారు. అడ్రసు నా దగ్గర ఉంది. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే కోటయ్యకు మర్యాద తిరిగి వస్తుంది. ఆవిడకు మాత్రం భర్త గురించి మిగిలిన ఒకే ఒక మంచి జ్ఞాపకం పోతుంది. ఆవిడ కోసమే చెప్పడం లేదని కొన్నాళ్ళు అనుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆవిడ నా చెయ్యి వదిలేస్తారని చెప్పడం లేదు.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించగలిగింది ఏమీ లేదు, మీకు నేను ఏ అన్యాయమూ చేయలేదు. ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడడం కూడా తప్పేనేమో, తెలియదు. ఇక మిగిలింది ఒక్కటే, దాన్ని కూడా రాసేస్తాను.

పేపరు ఉండదని ఆఫీసులో ఎవరూ అనలేదు. వెళ్ళిపోతానని సారు ఎవరితోనూ అనలేదు. ఆయన్ని వదిలేసి కోటయ్య పోలేదు. కాగితం మీద అందరికంటే చివర మారినా, ఆరుగురిలో మొదట పోయింది నేను.